సున్నపు తేట

సిరిసిల్ల బస్సు కదిలాక చెబుదామనుకున్నాడు అంబదాస్. బస్సు కదిలింది. కరీంనగరు బస్టాండు వెనకబడింది, కచేరీ వెనకబడింది, తోవ పక్కన సైకిలు దుకాణాలూ కట్టెల మండీ వెనకబడ్డాయి, నోరు మాత్రం కదల్లేదు. సరే, కొత్తపల్లి రానీ, ఊరు దాటితే గాలి తగులుతుంది, ఊపిరి కుదుటపడుతుంది, అప్పుడు చెబుదాం అనుకున్నాడు. ఊపిరాడని మనిషికి ఊపిరిని మించిన సాకు ఇంకేం కావాలి. ఉన్న ఊపిరంతా బస్సు మెట్లెక్కడానికే అయిపోయింది, ఇక మాటకేం మిగిలింది అని తనకు తానే సర్దిచెప్పుకుని, కిటికీ చువ్వకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. మూస్తే మంట, తెరిస్తే మంట. కళ్ళలో ఇసుక పోసినట్టుండే ఈ మంటను ఇన్నాళ్ళూ మరమగ్గాల, అదే సాంచెల, దుమ్మనుకున్నాడు, నూలు నుసి ఎగిరే ఆ షెడ్డులో ఎవరి కళ్ళు మాత్రం ఎర్రగా లేవు, కానీ అది కూడా దుమ్ము కాదని ఇవాళే తెలిసింది. పక్కన అనసూర్య. ఆమె ఒళ్ళో గుడ్డసంచి, సంచిలో తువ్వాల చుట్టిన సీసా. బస్సు ఎగిరినప్పుడల్లా ఆమె చెయ్యి సీసా మీద బిగుస్తోంది. అతని మోకాళ్ళ మీద ఎక్స్‌రే కవరు. దాన్ని మడవడానికి లేదు, కింద పెడితే ఎవరైనా తొక్కుతారు, అందుకని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమన్నడు డాక్టరు?" అని ఆమె అప్పటికే అడిగింది, ఆసుపత్రి గేటు దగ్గర. 

"ఇంటికి వోయినంక చెప్త. దమ్మొస్తుంది." 

"సరె తియ్. మాట్లాడకు, మెల్లగ నడువు," అంది. అంతే, మళ్ళీ అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది. నాలుగుసార్లు పట్టి అడిగితే మనిషి విసుక్కునైనా చెప్పేస్తాడు. ఆమెకు విసిగించడం చేతకాదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అతన్ని విసిగించిన సందర్భం ఒక్కటి వెతుక్కుందామన్నా దొరకదు. అదే ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చింది. గయ్యాళి పెళ్ళాం ఉన్నవాడికి ఇలాంటి కష్టం ఉండదు కదా, ముఖం మీద అనేసి పోతాడు, ఇద్దరూ రెండు పూటలు అరుచుకుంటారు, మూడో పూటకు అన్నం తింటారు.

ఆమె హోటలుకు పాలు వేడి చేయించుకురావడానికి వెళ్ళిన సందులోనే డాక్టరు పిలిచాడు. పడుచు డాక్టరు, కోస్తా వైపు మనిషి, మాట మెత్తన. ఎక్స్‌రేను కిటికీకి ఎదురుగా ఎత్తిపట్టి, "ఇది క్షయ కాదయ్యా," అన్నాడు. "కఫం మళ్ళీ మళ్ళీ చూశాం, ఎక్కడా క్షయ పురుగు లేదు. నీ రక్తం హైదరాబాదు పంపాం కదా, దాంట్లో సున్నం ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ ఉంది. ఒంటికి అక్కర్లేని సున్నం ఎక్కడో ఒకచోట దిగాలి. నీ ఊపిరితిత్తుల్లో దిగింది. మూత్రపిండాల్లోనూ దిగింది. కళ్ళలో కూడా సన్నగా పట్టింది." అంబదాస్ ఆ నల్లటి అట్ట వంక చూశాడు. పక్కటెముకల మధ్య తెల్లగా, పొడి చల్లినట్టు. ఈ తెలుపు అతనికి కొత్త కాదు. ఈ తెలుపును చూసే కిందటేడు ఇంట్లో దీపం ముట్టించి దండం పెట్టుకున్నారు. "ఇంత సున్నం నీ ఒంట్లోకి ఎలా వచ్చింది?" అన్నాడు డాక్టరు. అంబదాస్ తెల్లముఖం వేశాడు, తరవాత నెమ్మదిగా చెప్పాడు, పాలల్ల సున్నపు తేట గలుపుకొని తాగుత సారు, కడుపుమంటకు. ఎన్నాళ్ళ నుంచి? బిడ్డ పుట్టకముందు సంది. రోజుకు ఎన్నిసార్లు? ఎన్నిసార్లు మంటవుడితె గన్నిసార్లు. డాక్టరు ఎక్స్‌రేను బల్ల మీద పెట్టాడు. "ఎవరు కలిపిస్తారు?" అని అడిగాడు చివరికి. "నేనే గలుపుకుంట సార్," అన్నాడు అంబదాస్. ఎందుకన్నాడో అతనికి అప్పుడు తెలియదు. డాక్టరు ఏమైనా ఆమెను పట్టుకుని జైల్లో పెడతాడా. అయినా ఆ మాట అలాగే వచ్చింది, ఊపిరి ఎగపోత కూడా లేకుండా వచ్చింది.

కొత్తపల్లి వచ్చింది, పోయింది. ఇద్దరు దిగారు, గంపతో ఒక ముసలమ్మ ఎక్కింది. రోడ్డు పక్క మోదుగులు పూశాయి, ఆకు లేకుండా ఒట్టి ఎరుపు. బస్సు ఊరు దాటి గాలి తగిలింది కానీ ఊపిరి కుదుటపడలేదు. ఈ ఊపిరి ఇంక కుదుటపడేది కాదు. దిగిన సున్నం కరుగుతుందో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు, ఇవాళ్టి నుంచి చుక్క సున్నం ముట్టకపోతే, పాలు మానేస్తే, క్షయకని ఇచ్చిన ఆ సూదులు, చేపనూనె కూడా మానేస్తే ఇక్కడితో ఆగొచ్చు, ఆగితే కొన్నేళ్ళు నడుస్తావు, ఆపకపోతే మాత్రం ఎన్నాళ్ళో చెప్పలేను అన్నాడు. చెప్పలేను, చెప్పలేను. చదువుకున్నవాళ్ళ నోట ఈ మాట వినడం అంబదాసుకు అదే మొదలు. అందుకే నమ్మాడు. అంతకుముందు చూసినవాళ్ళంతా అన్నీ చెప్పినవాళ్ళే.

అసలు చెప్పవలసిన దాంట్లో సగం మంచి మాటే. క్షయ కాదు. ఆ రెండు మాటలు చాలు, అనసూర్య ఈ బస్సులోనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంది. రెండేళ్ళ నుంచి ఇంట్లో ఆ జబ్బు పేరు ఎవరూ ఎత్తలేదు, గా బీమారి అంటారు, అంతే. గా బీమారి వచ్చిన మనిషికి బయటి అర్రలో మంచం, వేరే పళ్ళెం, వేరే చెంబు, ఉమ్మడానికి వాకిట్లో బూడిద పోసిన డబ్బా. ఎనిమిదేళ్ళ బిడ్డ సులోచనను నిర్మల్‌లో అమ్మమ్మ శంకరవ్వ ఇంట్లో పెట్టారు, పిల్లకు సోకవద్దని. బతుకమ్మకు తీసుకొచ్చినప్పుడు కూడా పిల్ల వాకిలి అవతలే నిలబడింది. "బాపూ, నాకు ఎక్కాలు వస్తయి," అని అక్కడి నుంచే అరిచి పన్నెండో ఎక్కం దాకా అప్పజెప్పింది, మధ్యలో తొమ్మిదో ఎక్కం దగ్గర ఆగి తప్పింది, అతను దిద్దుదామనుకుంటే దగ్గొచ్చింది, పిల్లను వెంటనే దూరంగా తీసుకెళ్ళారు. ఇప్పుడు క్షయ కాదంటే పిల్ల ఇంటికి వస్తుంది. ఒళ్ళో కూర్చుంటుంది, ఒళ్ళో కూర్చునే ఈడు దాటిపోయినా సరే కూర్చోబెట్టుకుంటాడు. చెప్పడానికి ఇంత మంచి మాట దొరికితే ఏ మొగుడైనా ఆసుపత్రి మెట్ల మీదే అరిచి చెబుతాడు. కానీ ఆ మంచి మాట వెనకే ఇంకొకటి ఉంది, నూలుపోగుకు పోగు అతికినట్టు. క్షయ కాదంటే, మరేందట అంటుంది అనసూర్య. ఆమె పిచ్చిది కాదు కదా. మరేందట అంటే ఏం చెప్పాలి. నువ్వు పోసిందే అని చెప్పాలి. నీ చేత్తో, పొద్దున లేచి ముఖం కడుక్కోకముందే తేర్చి పెట్టి, వేలితో చూసి, వేడి సరిపోయిందో లేదో అని పెదవికి ఆనించి, నువ్వు పోసిందే.

కడుపుమంట భీవండిలో మొదలైంది. నైజాం పోయిన ఏడు అంబదాస్ మీసం కూడా సరిగ్గా రాని పోరడు, సిరిసిల్ల పద్మశాలీల పిల్లలంతా గుంపుగా భీవండి పోతుంటే వెంటబడి పోయాడు. అక్కడ రాత్రంతా సాంచెల మీద, పొద్దున్నే నిద్ర, మధ్యలో చాయ్, చాయ్ మీద చాయ్, పచ్చిమిరపకాయ కొరుక్కుని రొట్టె. కడుపు మాత్రం ఊరుకుంటుందా. బొడ్డు పైన నిప్పు పెట్టినట్టు మంట. తిరిగొచ్చి అనసూర్యను చేసుకున్నాక కూడా ఆ మంట వెంటే వచ్చింది, కట్నం కింద తెచ్చుకున్నట్టు. మిషన్ దవాఖానలో ఏలియా అని ఒక కంపౌండరు ఉండేవాడు, మంచివాడు, తెల్లపొడి పొట్లాలు కట్టి ఇచ్చి, పాలతో తాగమన్నాడు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే. ఆ పాలకు ఎంత సుఖం. పొడి గొంతు దిగగానే మంట చల్లబడేది, మొట్టమొదటిసారి కడుపు పట్టుకోకుండా పడుకున్నాడు. పొట్లాలు అయిపోయాక దవాఖానకు పోదామంటే ఏలియాకు బదిలీ అయింది. ఆ పొడిలో ఏముందని అనసూర్య అంతకుముందే అడిగి పెట్టుకుంది, సున్నం జాతిదేనమ్మా అన్నాడట. సున్నం అంటే ఇంట్లో లేకనా. తమలపాకులకని చిన్న మట్టి గురిగి నిండా ఉంది. బాలింతకు పాలలో సున్నపు తేట వేసి ఇవ్వడం, పాలు కక్కే చంటిపిల్లకు రెండు చుక్కలు పోయడం ఆ వాడకట్టు ఆడవాళ్ళందరికీ తెలిసిందే. రాత్రి కుండలో సున్నం కలిపి పెడితే తెల్లారేసరికి అడుగున ముద్ద, పైన అద్దంలాంటి తేట. ఆ తేటను కదలకుండా గరిటెతో తీయడంలో అనసూర్యకు అనసూర్యే సాటి. పుట్టింటి నుంచి బర్రెను తోలుకొచ్చుకుంది, మొగుని పాల కోసమే. కడుపులో చల్ల కదలకుండా బతికాడు అంబదాస్, ఊళ్ళో తోటివాళ్ళంతా నీ అసుంటి అదృష్టం ఎవలకుంటదిరా అనేవాళ్ళు. ఆమెను తలుచుకుంటే కడుపు నిండేది. ఇప్పుడు ఆమెను తలుచుకుంటే భయమేస్తోంది. ఆమె వల్ల కాదు, ఆమెకు ఏమవుతుందోనని.

ఎప్పుడు మొదలైంది ఇది. గుర్తుపెట్టుకోవడానికి ఒక్కరోజున వచ్చింది కాదు, కాస్త కాస్త వచ్చింది. దాహం. మొదట దాహమే. చెంబు తాగి చెంబు దింపేలోపు మళ్ళీ దాహం. అంత తాగితే ఊరుకుంటుందా, సాంచె ఆపి ఊకె, మాటిమాటికీ, బయటికి పోవడం, సాంచెల యజమాని సేఠు గొణుగుడు. తరవాత ఒళ్ళంతా దురద, ఆకలి చావడం, కాళ్ళలో సత్తువ లేకపోవడం. పాలు తాగే మనిషికి సత్తువ లేకపోవడమేమిటని అనసూర్య ఇంకాస్త పోసింది. ఆ తరవాత దమ్ము, పొడిదగ్గు. ఊళ్ళో ప్రైవేటు డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఊపిరిలో మచ్చలున్నాయి, క్షయ అన్నాడు. అని ఊరుకుంటే పోయేది. అనసూర్య దర్వాజ దగ్గర నిలబడి ఏడుస్తుంటే ధైర్యం చెప్పడానికి, "భయపడకమ్మా, ఈ పుండ్లకు సున్నం పడితే మానినట్టే లెక్క. ఎక్స్‌రేలో గట్టిగా తెల్లగా కనబడాలి, అప్పుడు గండం గడిచినట్టు," అన్నాడు. ఆయన అన్నది క్షయకు నిజమే కావచ్చు. కానీ ఆ మాట విన్న మనిషి అనసూర్య. పుండు మీద సున్నం పడాలి, సున్నం తన ఇంట్లో కుండెడు ఉంది, ఇంకేం కావాలి. గోడకు బీట పడితే సున్నం పూయమా, బావికి ఒర కట్టినప్పుడు సందుల్లో సున్నం పెట్టమా. ఆ రోజు నుంచి తేట పోయడం మాని ముద్దే కలపడం మొదలుపెట్టింది, పొద్దున ఒకసారి, పగలు ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, మధ్యలో అతను మూలిగితే ఇంకొకసారి. డాక్టరు సూదులు కూడా ఇచ్చాడు, సూది ఎక్కుతుంటే నాలుక నుంచి అరికాళ్ళ దాకా వేడి పాకేది, అది కూడా సున్నమేనట, ఇప్పుడు చెప్పారు. చెంచాడు చేపనూనె. కిందటేడు మళ్ళీ ఎక్స్‌రే తీస్తే ఊపిరి నిండా తెలుపు. డాక్టరు సంతోషపడ్డాడు, సున్నం బాగా పడుతోంది అన్నాడు. అనసూర్య ఇంటికొచ్చి దీపం పెట్టింది. ఆమె ముఖంలో అంత వెలుగు పెళ్ళినాడు కూడా చూడలేదు అంబదాస్. "జూసినవా, పట్టింది," అంది. "పట్టింది," అన్నాడతను, మంచం మీద నుంచి లేవలేక.

మెరుగవుతున్నకొద్దీ ఊపిరి ఎందుకు కురచవుతోందో ఎవరూ అడగలేదు. అడగవలసినవాడు తనే. కానీ అలసిపోయిన మనిషికి అడిగే ఓపిక ఉండదు, ఇంత పాలు తాగి పడుకుంటే చాలనిపిస్తుంది. ఈ అలసట ఏ పనీ చేయకుండానే వచ్చే అలసట, నిద్రపోయి లేస్తే ఇంకా పెరిగే అలసట. ఇప్పుడు కూడా అదే, ఈ రోడ్డు అయిపోకుండా ఇలాగే సాగితే బాగుండును, ఎక్కడా దిగే పని లేకుండా, ఎవరికీ ఏమీ చెప్పే పని లేకుండా.

"జర లెవ్వు," అంది అనసూర్య. "పాలు సల్లవడకముందు తాగు." సీసా మూత తీసింది. స్టీలు గ్లాసు కొంగుతో తుడిచి, బస్సు కుదుపుకు చుక్క కింద పడకుండా తన మోకాలి మధ్య పెట్టి పోసింది. సున్నం కలిపిన పాలు పొద్దటి నుంచీ ఉన్నా విరగవు, ఆ మాటకొస్తే అంత మంచి పాలు వేరే లేవు. గ్లాసు అతని చేతికొచ్చింది. వెచ్చగా ఉంది. ఆ వాసనకు కడుపు అలవాటుగా నోరు తెరిచింది, కుక్కపిల్లలా, దానికేం తెలుసు. అంబదాస్ గ్లాసు పట్టుకుని బయటికి చూశాడు. ఒక ఉపాయం తోచింది, చాలా తేలిక ఉపాయం, ఇంతసేపు తోచనందుకు నవ్వొచ్చేంత తేలికది. క్షయ ఉండె, నయమైంది అని చెబితే సరి. బిడ్డను తెచ్చుకొమ్మన్నడు డాక్టరు అని చెప్పాలి. పాలు ఇప్పటి గోలీలకు పడవట, మానుమన్నడు అని చెప్పాలి. ఆమె నమ్మకపోతే, ఎప్పుడైనా కలిపి తెస్తే, తాగినట్టు తాగి గోడవతల పోయవచ్చు. ఆమె తన చేత్తో నయం చేశాననుకుంటూ బతుకుతుంది. అలా అనుకోనివ్వాలి. రెండేళ్ళు ఇల్లు గడవడానికి రాత్రీ పగలూ నూలు కండెలు చుట్టి, ఆ చేతులతోనే సున్నం తేర్చిన మనిషికి నీ చేతులే చేశాయని ఎట్లా చెబుతారు, చెప్పిన తరవాత ఆమె ఏ నీళ్ళు పోసినా, ఏ అన్నం వడ్డించినా తన చేతుల్ని తనే చూసుకుంటుంది. వద్దు. నిజం చెప్పి ఎవరిని బాగుచేయాలి. ఈ ఒక్క గ్లాసు తాగేస్తే సరి, ఇన్ని కడవలు తాగినవాడికి ఈ గ్లాసుడు ఏం చేస్తుంది. రేపటి నుంచి మానుదాం. ఇవాళ తాగకపోతే అనుమానపడుతుంది, ఇక్కడే బస్సులోనే అడుగుతుంది. తాగుదాం. నిర్ణయమైపోగానే ఊపిరి నిజంగానే కాస్త తేలికయినట్టనిపించింది. గ్లాసు పైకెత్తాడు.

"మొన్న తమ్ముడు నిర్మల్ నుంచి వచ్చిండని చెప్పిన గద," అంది అనసూర్య, అతను తాగుతున్నాడన్న తృప్తితో మాటల్లోకి దిగి. "పోరి మంచిగనె ఉన్నదట. అవ్వ రెండు పూటల పాలల్ల సున్నపుతేట పోస్తుందట. నీ లెక్క గావద్దని నేనే చెప్పి పంపిన, రెండేండ్ల సంది తప్పకుండ పోస్తుంది. ఎముకలు గట్టివడ్తయి, గా బీమారి దగ్గరికి రాదని. గని పోరికి ఒకటే దాహమట. చెంబులకు చెంబులు తాగుతదట. బడిల కూసుంటలేదట, ఊకె లేశి బయటికి వోతుందని పంతులు కొట్టిండట. అన్నం గూడ సరిగ తింటలేదట. నీళ్ళు మారినందుకేమో అంటుంది అవ్వ."

గ్లాసు పెదవి దగ్గర ఆగింది. మొదట ఆ మాటలు ఎవరి గురించో విన్నట్టు విన్నాడు. చెంబులకు చెంబులు. ఊకె లేశి బయటికి. సేఠు గొణుగుడు స్థానంలో పంతులు బెత్తం, అంతే తేడా. రెండేళ్ళు. పిల్ల ఒళ్ళు ఎంత, ఊపిరితిత్తులు ఎంతుంటాయి, అరచేతులంత ఉంటాయేమో. ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు తొమ్మిదో ఎక్కం దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంది, మరిచిపోయిందని తను అనుకున్నాడు, మరిచిపోయిందా, ఊపిరాడకా. కాదు, కాదు, పిల్లలు మరిచిపోతారు, అది మామూలే. అయినా. అయినా దాహం. ఆ దాహం అతనికి తెలుసు, ఆ దాహాన్ని అతనొక్కడే ఎరుగును ఈ బస్సులో. తన ఊపిరిలో కట్టిన తెలుపు ఆ చిన్న పక్కటెముకల మధ్య కనబడింది, ఎక్స్‌రే కవరు అవసరం లేకుండానే కనబడింది. కాసేపటి కింద తను తేలికపడ్డ ఆ ఉపాయం మీద అసహ్యం వేసింది, దాన్ని కన్న తన మీద వేసింది. ఎంత ఇష్టంగా చావబోయాడు, ఎంత గొప్ప మొగుడిలా. తన చావు వెంట ఇంకెవరు నడిచి వస్తున్నారో వెనక్కి తిరిగి చూసుకోలేదు.

"అనసూర్యా."

"ఆఁ."

"నిర్మల్‌కు వోవాలె. పోరికి సున్నం ఆపమనాలె." గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు. మిగిలినదంతా ఒక్క ఊపిరిలో రాలేదు, మూడు నాలుగు ముక్కలుగా వచ్చింది, మధ్యలో దగ్గు, మధ్యలో బస్సు చప్పుడు. "నాది గా బీమారి కాదట. పురుగు లేదట. ఊపిరిల సున్నం గడ్డకట్టిందట. పాలల్లది. సూదులల్లది గూడ. ఒంట్లకు ఎక్కువైతె గట్లనే అయితదట. మొదలు దాహమైతదట."

అనసూర్య అతని ముఖంలోకి చూసింది. ఆమె ముఖంలో ఏమీ మారలేదు, అదే భయమేసింది అతనికి. పాల గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకుని ముందుకు తిరిగి కూర్చుంది. కిటికీలోంచి పారబోయవచ్చు, సీసాలో తిరిగి పోయవచ్చు, ఆమె ఏదీ చేయలేదు. బస్సు కుదిపినప్పుడు పాలు ఒలికి ఆమె చీర మీద పడ్డాయి, తుడుచుకోలేదు. ముందు సీట్లో గంప ముసలమ్మ వెనక్కి తిరిగి, "బిడ్డా, పాలు వోతున్నయి," అంది. అనసూర్య తల ఊపింది. అంబదాస్ ఆమె చెయ్యి పట్టుకుందామనుకున్నాడు, రెండేళ్ళుగా ముట్టుకోని చెయ్యి, ఇప్పుడు ముట్టుకోవచ్చు, జబ్బు అంటుకోదు. కానీ ఇప్పుడే ముట్టుకుంటే ఆ చేతిని ఏదో అన్నట్టుంటుందేమో. ఏడిస్తే బాగుండును. ఏడిస్తే ఏం చెప్పాలో తెలుసు. నీ తప్పు కాదు, నాకు తెల్వది నీకు తెల్వది అని చెప్పాలి, ఆ మాటలన్నీ నోట్లో సిద్ధంగా ఉన్నాయి, ఆమె ఏడవలేదు కాబట్టి అవి నోట్లోనే ఉండిపోయాయి.

వేములవాడలో బస్సు ఆగింది. తలనీలాలిచ్చి గంధం పూసుకున్నవాళ్ళు, కొబ్బరికాయల సంచులు, చంకలో పిల్లలు, అందరూ ఒక్కసారే ఎక్కబోయారు. అనసూర్య వాళ్ళను తోసుకుని దిగిపోయింది. ఆమె జనంలో కలిసిపోవడం కిటికీలోంచి చూశాడు అంబదాస్. పోయింది, అనుకున్నాడు. ఎక్కడికి పోతుంది, ఎక్కడికీ పోదు అని తెలుసు, అయినా ఆ కాసేపూ నిజంగానే పోయిందనిపించింది, పోనీ, పోవడమే న్యాయం అనిపించింది. ఇంత అలసటగా ఉంది, లేచి వెతికే శక్తి కూడా లేదు. కుళాయి దగ్గర కనబడింది. పాలు మోరీలో పోసింది, సీసా పాలు కూడా పోసింది. గ్లాసును మట్టితో తోమింది, కడిగింది, మళ్ళీ తోమింది. తరవాత ఎవరో డ్రైవరును ఏదో అడిగింది. నడిచి వచ్చి అతని కిటికీ కింద నిలబడింది.

"కోరుట్ల బస్సు గిదే ఉన్నది. ఆడ్నుంచి మెట్‌పల్లి మీదికెల్లి నిర్మల్‌కు దొరుకుతదట. నేను వోత. నువ్వు ఇంటికి వో, నీతోని గాదు."

"నేను గూడ వస్త."

ఆమె వద్దనలేదు, రమ్మనలేదు. కిటికీ చువ్వ పట్టుకుని అతన్నే చూస్తూ అడిగింది. "ఆసుపత్రికాన్నె ఎరుకాయె గద నీకు. గ్లాసు ఎందుకు వట్టినవు?"

అతను ఎక్స్‌రే కవరును మోకాళ్ళ మీద సర్దుకున్నాడు.

"తాగుతుంటివి. నేను జూస్తనె ఉన్న. పోరి మాట రాకపోతె తాగుతుంటివి."

"నీ మనసు నొస్తదని," అన్నాడు.

"నా మనసు నొస్తె నేను జూసుకుంట. నీ సావు నా చేతులల్ల వెట్టి, నన్ను ఎరుక లేనిదాన్ని జేసి కూసోవెడ్తవా?" గొంతు పెంచలేదు. చుట్టూ అంత జనం, ఆమె మాట అతనికి తప్ప ఎవరికీ వినబడలేదు. "నేను ఎరుక లేక వోసిన. నువ్వు ఎరుకుండి తాగవోయినవు. గిద్దర్ల ఎవలది తప్పో నువ్వే చెప్పు."

చెప్పడానికి ఆమె ఆగలేదు. కోరుట్ల బస్సు వైపు వెళ్ళిపోయింది, చీర మీద పాల మరకతో, వెనక్కి చూడకుండా. అంబదాస్ లేచాడు. సీట్ల మధ్య జనాన్ని తప్పించుకుంటూ, చువ్వ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగాడు. కింద నిలబడి ఊపిరి కోసం చూశాడు, కొంచెం వచ్చింది, ఆ కొంచెంతో నాలుగడుగులు వేశాడు. ఎక్స్‌రే కవరు సీట్లోనే మరిచిపోయాడని అప్పుడు గుర్తొచ్చింది, తిరిగి ఎక్కే సత్తువ లేదు, ఉన్న సత్తువ అటు వైపుకే కావాలి. వదిలేశాడు. అటు కోరుట్ల బస్సు ఇంజను మోగుతోంది, కండక్టరు విజిలు నోట్లో పెట్టుకున్నాడు. అనసూర్య మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి, తలుపు చువ్వ గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది. ఎవరో ఎక్కుతావా దిగుతావా అని కసురుతున్నారు.

"మా మనిషి వస్తుండు," అంది ఆమె కండక్టరుతో. "ఆయనకు దమ్ము. జర ఆగుండ్రి."

అంబదాస్ నడుస్తూనే ఉన్నాడు.